క్యాడో ప్రజల గురించి మీరు అడిగినవి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన హనుమకొండ పాఠకురాలు ఒకరు క్యాడో అనే ఆదివాసీ జాతి గురించి అడిగిన ప్రశ్నను కిందటి సంచికలో అచ్చువేసి, జవాబు ఈ నెల ఇస్తామని చెప్పాము. అది చూసి నర్సంపేట నుంచి ఉట్నూరు వరకు మరికొందరు అదే విషయం మీద ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం డల్లాస్ దగ్గర ఉంటుంది. మేము వెళ్లినప్పుడు తూర్పు వైపున ఉన్న క్యాడో సరస్సుకు తీసుకెళ్లారు. నీళ్లలోనే నిలబడి ఉన్న పెద్ద పెద్ద చెట్లను చూశాము. ఆ పేరు ఒక ఆదివాసీ జాతిదని పడవ నడిపినాయన చెప్పాడు గానీ, వాళ్లు ఎవరో, ఇప్పుడు ఉన్నారో లేరో తెలియలేదు. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉన్నారమ్మా. ఒక్లహోమా రాష్ట్రంలోని బింగర్ అనే చిన్న ఊరు కేంద్రంగా 'క్యాడో నేషన్' పేరుతో వారికి సొంత పాలనా వ్యవస్థ ఉంది. సొంత రాజ్యాంగం, ఎన్నికైన పాలక మండలి ఉన్నాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వం వారిని ఒక జాతిగా గుర్తించింది. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం ఉంది. మ్యూజియం బోర్డుల మీద, యాత్రికుల కరపత్రాల్లో వారి ప్రస్తావన తరచుగా 'ఇక్కడ నివసించేవారు' అంటూ భూతకాలంలోనే కనిపిస్తుంది. చదివినవారు ఆ జాతి అంతరించిపోయిందనుకోవడం సహజం. నిజానికి అంతరించింది ఆ నేల మీద వారి అధికారమే గానీ వారు కాదు.

మీరు చూసిన సరస్సు, దాని చుట్టుపక్కల ప్రాంతం వారి పూర్వీకుల భూమిలోనివే. ఇప్పటి టెక్సస్ తూర్పు భాగం, లూయిసియానా వాయవ్య భాగం, ఆర్కాన్సా నైరుతి భాగం, ఒక్లహోమా ఆగ్నేయ భాగం కలిసే చోట, రెడ్ నది పరీవాహకంలో వారి ఊళ్లు ఉండేవి. క్రీ.శ. 800 ప్రాంతం నుంచి వారి సంస్కృతికి ప్రత్యేకమైన ఆనవాళ్లు ఆ నేలలో దొరుకుతున్నాయి. యూరప్ వాళ్లు వచ్చేనాటికి క్యాడో భాష మాట్లాడే అనేక తెగలు ముఖ్యంగా మూడు కూటములుగా ఉండేవి: తూర్పు టెక్సస్‌లో నేచస్, ఆంజెలీనా నదుల పక్కన హసినై; రెడ్ నది పెద్ద మలుపు దగ్గర కదోహదాచో; లూయిసియానాలో నాకిటోష్. ఈ రెండో పేరును కుదించగా వచ్చిందే క్యాడో.

సరస్సు పుట్టుక కూడా ఆ నదితో ముడిపడినదే. రెడ్ నదిలో కొట్టుకొచ్చిన చెట్లు, దుంగలు శతాబ్దాల తరబడి పేరుకుని 100 మైళ్లకు పైగా పొడవున అడ్డుపడి ఉండేవి. ఆ అడ్డు వల్ల ఉపనదుల నీళ్లు వెనక్కి తన్ని పల్లాలు నిండి సరస్సులయ్యాయి. ఈ దుంగల అడ్డును గుర్తుపెట్టుకోండి. వారి భూమి పోయిన కథలో అది మళ్లీ వస్తుంది.

ప్రశ్న: క్యాడోల మట్టి దిబ్బలు ప్రసిద్ధమని చదివాను. మా జిల్లా చుట్టుపక్కల ధూళికట్ట, కోటిలింగాల వంటి చోట్ల పాటిగడ్డలు ఉన్నాయి. అవీ ఇవీ ఒకే రకమైనవా?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: చూడటానికి పోలిక ఉండవచ్చు గానీ, ఏర్పడిన తీరు వేరు. పాటిగడ్డ ఎవరో పూనుకుని కట్టినది కాదు. ఒకే చోట తరతరాలుగా జనం నివసించి, పాత గోడలు కూలి, వాటి మీద కొత్త ఇళ్లు లేచి, బూడిద, పెంకులు, చెత్త పేరుకుని క్రమంగా ఎత్తు పెరిగినది. క్యాడోల దిబ్బ మాత్రం సంకల్పించి కట్టిన నిర్మాణం. ఊరివారంతా గంపలతో మట్టి మోసి, పోసి, తొక్కి ఎత్తు చేశారు. ఆ పైభాగాన్ని చదును చేసి దాని మీద గుడినో, పెద్దల భవనాన్నో నిలబెట్టేవారు. కొంతకాలానికి, బహుశా ఒక నాయకుడు మరణించినప్పుడు, ఆ కట్టడాన్ని తగలబెట్టి, బూడిదను కొత్త మట్టితో కప్పి, దాని మీద మరొకటి కట్టేవారు. పురాతత్వవేత్తలు అడ్డంగా కోసి చూసినప్పుడు పొరలు పొరలుగా ఈ క్రమమంతా కనిపిస్తుంది.

టెక్సస్‌లోని ఆల్టో ఊరికి దగ్గరలో ఇలాంటి దిబ్బలు మూడు ఉన్నాయి. రెండు గుడుల కోసం కట్టినవి. ఒకటి పెద్దలను ఖననం చేసినది. సుమారు క్రీ.శ. 800 నుంచి 1300 వరకు అక్కడ ఊరు ఉండేది. మన వైపు ఆ కాలం చివరి భాగంలోనే కాకతీయులు ఓరుగల్లు నుంచి పాలించారు. దిబ్బల మీది గుడులలో అగ్ని ఆరకుండా కాపాడటం క్యాడో పూజారి ప్రధాన బాధ్యత. 'షినేసి' అని పిలిచే ఆ ప్రధాన పూజారి పదవి వంశపారంపర్యంగా వచ్చేది. నాలుగు పెద్ద దుంగలను నాలుగు దిక్కులకు ఉండేలా పేర్చి, అవి కాలుతున్నకొద్దీ నడిమికి జరుపుతూ నిప్పును నిలిపేవారని, ఊళ్లలోని ఇళ్ల పొయ్యిలకు మూలం ఆ నిప్పేనని 18వ శతాబ్దంలో అక్కడ ఉన్న స్పానిష్ క్రైస్తవ గురువులు రాసిపెట్టారు.

ఒక్లహోమాలోని స్పైరో దిబ్బల గురించి కూడా చెప్పాలి. వాటిని కట్టినవారు క్యాడో భాషా కుటుంబానికి చెందినవారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వందల మైళ్ల దూరంలోని మహా సరస్సుల ప్రాంతం నుంచి వచ్చిన రాగి, గల్ఫ్ తీరం నుంచి వచ్చిన పెద్ద శంఖాలు అక్కడ దొరికాయి. ఆ శంఖాల మీద మనుషులను, పక్షులను, పాములను ఎంతో నైపుణ్యంతో చెక్కారు. అయితే 1933లో కొందరు ఆ భూమిని లీజుకు తీసుకుని, గనిని తవ్వినట్టు పెద్ద దిబ్బను తవ్వి, దొరికినదల్లా అక్కడికక్కడే అమ్ముకున్నారు. నేసిన బట్టలు, చాపలు, దేవదారు కొయ్యలు తొక్కిడిలో నాశనమయ్యాయి. 1935లో రాష్ట్రం చట్టం చేసి అడ్డుకునేసరికి ఆ వస్తువులు అమెరికా, యూరప్ నిండా చెల్లాచెదరయ్యాయి. మన పాటిగడ్డల మట్టిని ఇటుక బట్టీలకు, పొలాలకు తోలుకుపోవడం చూసిన వారెవరికైనా ఈ నష్టం ఎలాంటిదో వివరించి చెప్పనవసరం లేదు.

ప్రశ్న: సినిమాల్లో చూపినట్టు వాళ్లు గుర్రాల మీద తిరుగుతూ, తోలు గుడారాల్లో ఉంటూ, తలకు ఈకల కిరీటం పెట్టుకునేవారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: కాదు. మీరు చెప్పిన ఆ వేషం పశ్చిమాన మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన కొన్ని జాతులది. అది కూడా గుర్రం అమెరికాకు వచ్చిన తరువాతి కాలానిది. వెండితెర ఆ ఒక్క బొమ్మనే అందరికీ తగిలించింది. క్యాడోలు ఒక చోట స్థిరపడిన రైతులు. చలికాలంలో వేటకు పడమరకు వెళ్లేవారు గానీ, తిరిగి తమ ఇళ్లకే వచ్చేవారు.

ఆ ఇళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే అంత చక్కని సామూహిక శ్రమను వర్ణించిన రాతలు అరుదు. ఇల్లు గుండ్రంగా, పైకి పోయేకొద్దీ సన్నమై, గడ్డితో కప్పి ఉండేది. పెద్దవైతే 40, 50 అడుగుల ఎత్తు కూడా ఉండేవి. ఒక కుటుంబానికి ఇల్లు కావాలంటే ఆ సంగతి ఊరి పెద్దలకు చెప్పాలి. వారు రోజు నిర్ణయించి, ఎవరు ఎన్ని వాసాలు తేవాలో, ఏ స్త్రీ ఎంత గడ్డి తేవాలో ముందుగానే పంచేవారు. ఆ రోజు తెల్లవారకముందే మనుషులు తమ వంతు వాసాలతో వచ్చి, ఎవరికి చూపిన గుంట దగ్గర వారు నిలబడేవారు. నడిమిన నిచ్చెనలా కొమ్మల మొదళ్లు వదిలిన ఒక నిలువు స్తంభం పాతి, దాని కొనకు కట్టిన అడ్డకర్రల మీద ఇద్దరు నిలబడి, ఎదురెదురుగా ఉన్న వాసాల కొనలకు ఉచ్చు వేసి ఒకేసారి లోపలికి వంచి ముడివేసేవారు. అన్నీ కలిసి గుమ్మటంలా నిలిచాక, అడ్డంగా సన్నని బద్దలు కట్టి, గడ్డిని కింది నుంచి పైకి వరుసలుగా కప్పుకుంటూ పోయేవారు. చివరికి ఆ నడిమి స్తంభాన్ని మొదట్లో నరికి తీసేసేవారు. ఇల్లు దాని ఆధారం లేకుండానే నిలిచేది. పొద్దు తిరగకముందే పని ముగిసేది. ఇంటివారు ఆ రోజుకని దాచిన జింక మాంసం, మక్క అంబలితో అందరికీ కడుపునిండా పెట్టేవారు. ఆలస్యంగా వచ్చినవారికి ఊరి కార్యదక్షుడు బెత్తంతో ఒకటి అంటించేవాడట. తిన్నవాడు నొచ్చుకునేవాడు కాదట. ఇదంతా చూసిన స్పానిష్ గురువు వర్ణించిన విషయమే.

1691లో దొమింగో తెరాన్ అనే స్పానిష్ అధికారి యాత్రలో రెడ్ నది ఒడ్డున ఉన్న ఒక కదోహదాచో ఊరిని పటంగా గీశారు. ఆ పటంలో ఊరు ఒక చోట కిక్కిరిసి లేదు. ఒక్కొక్క కుటుంబానికి ఒక ఆవరణ, అందులో గడ్డి ఇల్లు, ధాన్యం దాచే ఎత్తైన మంచె, నీడ కోసం పందిరి, చుట్టూ చేను. నది పొడవునా అలాంటివి వరుసగా ఉన్నాయి. ఒక చివర దిబ్బ మీద గుడి ఉంది. వారి జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి సినిమాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పటం ఒక ఎత్తు.

వ్యవసాయంతో పాటు వారికి రెండు పెద్ద వ్యాపారాలు ఉండేవి. ఉప్పు నీటి ఊటల దగ్గర మట్టి పాత్రల్లో నీళ్లు మరిగించి ఉప్పు తీసేవారు. బోడార్క్ అనే పసుపు పచ్చని గట్టి కొయ్యతో చేసిన వారి విల్లులకు చాలా దూరం గిరాకీ ఉండేది.

ప్రశ్న: మేము యాసంగిలో మక్క వేస్తాము. మక్క అమెరికా పంటే అంటారు కదా. వాళ్లు ఎట్లా పండించేవారు? విత్తనం ఎట్లా దాచేవారు?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. మక్క మొదట మెక్సికోలో పుట్టి, అక్కడి నుంచి ఉత్తరానికి పాకి క్యాడోల నేలకు చేరింది; మన నేలకు పోర్చుగీసు వారి రాక తరువాతే వచ్చింది. క్యాడోలు ఏటా రెండు కార్లు వేసేవారు. వసంతంలో త్వరగా చేతికొచ్చే పొట్టి రకం మొదట. అది కోశాక అదే చేనులో పెద్ద కంకి రకం. దాంతో పాటు చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి, పొద్దుతిరుగుడు వేసేవారు. నాగలి, ఎద్దులు లేవు. ఎండబెట్టిన గట్టి కొయ్యతో చేసిన పారలు, అడవిదున్న భుజం ఎముకతో చేసిన గుద్దళ్ల వంటి పనిముట్లతో భూమిని తవ్వేవారు. చేను సిద్ధం చేయడం ఊరంతటికీ ఉమ్మడి పని: మొదట పూజారి చేను, తరువాత నాయకుడిది, ఆ తరువాత వరుసగా అందరివీ.

విత్తనం విషయంలో వారి జాగ్రత్తను స్పానిష్ గురువులు మెచ్చుకుని రాశారు. పంటలో మేలైన కంకులను ఏరి, పొట్టు తీయకుండా ఆ పొట్టునే జడగా అల్లి, ఇంట్లో పొయ్యి పొగ తగిలే చోట వేలాడదీసేవారు. పొగకు పురుగు పట్టదు. అలా దాచినది ఒక్క ఏటికి కాదు, రెండేళ్లకు సరిపడా ఉండేది. మొదటి సంవత్సరం వానలు లేక పంట ఎండినా రెండో సంవత్సరం విత్తనానికి లోటు ఉండకూడదని వారి కట్టడి. ఇంట్లో తిండికి ఎంత కరువు వచ్చినా ఆ జడలను ముట్టేవారు కాదు. మీ ఇంటి పెద్దలను అడిగి చూడండి. హైబ్రిడ్ సంచులు రాకముందు జొన్న కంకులను వాసాలకు కట్టి దాచిన రోజులు వారికి గుర్తుండే ఉంటాయి.

ప్రశ్న: ఇంత పెద్ద వ్యవసాయ సమాజం తన భూమిని ఎలా కోల్పోయింది? యుద్ధంలో ఓడిపోయారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబాబాద్

జవాబు: అయ్యా, ఒక్క యుద్ధంలో ఓడిపోయి ఉంటే ఈ జవాబు రెండు వాక్యాల్లో ముగిసేది. వారి భూమి పోయింది రోగాల వల్ల, సంతకాల వల్ల, మాట తప్పడం వల్ల.

1542లో స్పానిష్ దండయాత్రికుడు డి సోటో దండు అతని మరణం తరువాత మొస్కోసో నాయకత్వంలో క్యాడోల నేల మీదుగా నడిచింది. ఆ తరువాత సుమారు నూట నలభై ఏళ్లు యూరప్ వాళ్లు మళ్లీ పెద్దగా రాలేదు. 1690లో స్పెయిన్ వాళ్లు హసినైల మధ్య ఒక మిషన్ (క్రైస్తవ మత ప్రచార కేంద్రం) స్థాపించారు. తమను స్నేహితులుగా చూసిన హసినైలు వాడిన మాట నుంచే ఆ ప్రాంతానికి తేహాస్ అని, తరువాత టెక్సస్ అని పేరు స్థిరపడింది. ఆ చలికాలంలోనే మశూచి వచ్చి వందలు, వేల మంది చనిపోయారు. చావుకు దగ్గరైన వారికి గురువులు జ్ఞానస్నానం ఇవ్వడం, ఆ వెంటనే వాళ్లు మరణించడం చూసిన క్యాడో పూజారులు ఆ నీళ్లే ప్రాణం తీస్తున్నాయని నమ్మారు. అలా నమ్మడంలో అవివేకం ఏమీ లేదు. కళ్లెదుట జరుగుతున్నది అదే. 1693 నాటికి వెళ్లిపొమ్మని గట్టిగా చెప్పడంతో స్పెయిన్ వాళ్లు గంటలను పాతిపెట్టి, మిషన్‌కు నిప్పంటించి వెళ్లిపోయారు.

ఆపై శతాబ్దం పాటు క్యాడోలు రెండు సామ్రాజ్యాల మధ్య నేర్పుగా నిలిచారు. 1714లో ఫ్రెంచి వాళ్లు నాకిటోష్ దగ్గర స్థావరం పెట్టి తుపాకులు, బట్టలు, లోహపు సామాను ఇచ్చి తోళ్లు, గుర్రాలు, ఎలుగుబంటి కొవ్వు కొనేవారు. 1716లో స్పెయిన్ వాళ్లు తిరిగి వచ్చారు. ఆ కాలంలో దుబాసిగా పనిచేసిన ఆంజెలీనా అనే హసినై స్త్రీ పేరు ఇప్పటికీ ఒక నదికి, ఒక కౌంటీకి ఉంది. కానీ రోగాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఉత్తరాన తుపాకులు సంపాదించిన ఒసేజ్ జాతి దాడులు ఎక్కువయ్యాయి. ఊళ్లు ఖాళీ అవుతూ, మిగిలినవారు ఒకచోట చేరుతూ, మూడు కూటములు క్రమంగా ఒక్కటయ్యాయి.

1803లో లూయిసియానాను అమెరికా కొన్నది. ఆ సమయంలో క్యాడోల పెద్ద దెహహుయిట్. అమెరికా, స్పెయిన్ రెండూ ఆయన స్నేహం కోసం పాకులాడేవి. సరిహద్దులో యుద్ధం రాకుండా ఆయన చేసిన ప్రయత్నం చరిత్రలో తగినంత గుర్తింపు పొందలేదని నా అభిప్రాయం. రెడ్ నదిలో పేరుకున్న దుంగల అడ్డు పడవలను రానివ్వకపోవడం వల్ల కూడా కొంతకాలం వారి భూమికి రక్షణ దొరికింది. 1833లో దెహహుయిట్ మరణించాడు. ఆ సంవత్సరమే హెన్రీ ష్రీవ్ ఆవిరి పడవలతో ఆ దుంగలను పెరికించడం మొదలుపెట్టాడు. నది తెరుచుకుంటుంటే పత్తి సాగు చేసే తెల్లవాళ్లు వచ్చి పడ్డారు. 1835 జూలై 1న కుదిరిన ఒప్పందంలో క్యాడోలు లూయిసియానాలోని సుమారు పది లక్షల ఎకరాలను 80,000 డాలర్లకు వదులుకున్నారు: 30,000 డాలర్లకు సరుకులు, గుర్రాలు, మిగిలినది ఏటా 10,000 చొప్పున ఐదేళ్లు. ఎకరాకు ఎనిమిది సెంట్లు. ఏడాదిలోగా తమ ఖర్చుతో అమెరికా సరిహద్దు దాటిపోవాలని, తిరిగి రాకూడదని అందులో రాసుకున్నారు. వారు ఖాళీ చేసిన నేల మీద ఆ నదిని తెరిచిన వ్యక్తి పేరుతోనే ష్రీవ్‌పోర్ట్ నగరం లేచింది.

సరిహద్దు దాటితే టెక్సస్. అప్పుడే స్వతంత్ర దేశమైన టెక్సస్‌లో, ముఖ్యంగా లమార్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, ఆదివాసులను తరిమేయడమే విధానం. చాలాకాలం అటూ ఇటూ తిరిగాక 1854లో బ్రాజోస్ నది దగ్గర కొంత భూమి కేటాయించారు. అక్కడ ఇళ్లు కట్టుకుని, పొలాలు దున్నుకుని, పిల్లలను బడికి పంపి, టెక్సస్ సైన్యానికి దారి చూపేవారిగా కూడా పనిచేశారు. ఇంత చేసినా 1858 డిసెంబరులో వేటకు వెళ్లి గుడారాల్లో నిద్రిస్తున్న స్త్రీ పురుషులను తెల్లవాళ్ల గుంపు కాల్చి చంపింది. దోషులకు శిక్ష పడలేదు. 1859 ఆగస్టులో మండుటెండల్లో పంటలను, పశువులలో చాలావాటిని వదిలేసి క్యాడోలు రెడ్ నది దాటి ఇప్పటి ఒక్లహోమాకు వెళ్లారు. వారిని క్షేమంగా చేర్చిన అధికారి రాబర్ట్ నైబర్స్, ఆ పని ముగించి తిరిగి వచ్చిన కొన్ని రోజులకే ఫోర్ట్ బెల్‌నాప్ దగ్గర హత్యకు గురయ్యాడు.

అక్కడితోనూ ఆగలేదు. అంతర్యుద్ధ కాలంలో చాలామంది కాన్సస్‌కు పారిపోయి తిరిగి వచ్చారు. 1901లో ఉమ్మడి భూమిని మనిషికి 160 ఎకరాల చొప్పున ముక్కలు చేసి, మిగిలినదంతా లాటరీ తీసి బయటివాళ్లకు పంచారు. ఉమ్మడిగా ఉన్నంతకాలం ఎవరూ అమ్మలేని భూమి, పట్టాగా మారిన తరువాత అప్పులకు, మోసాలకు లొంగి చేతులు మారింది. 1938లో కొత్త చట్టం కింద తమ సొంత రాజ్యాంగాన్ని ఆమోదించుకుని క్యాడోలు మళ్లీ ఒక పాలనా వ్యవస్థగా నిలదొక్కుకున్నారు.

ప్రశ్న: మాది కుండలు చేసే కుటుంబం. క్యాడోల కుండలు చాలా అందంగా ఉంటాయని విన్నాను. వాళ్లకు సారె ఉండేదా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: సారె లేదు. యూరప్ వాళ్లు రాకముందు అమెరికా ఖండాల్లో ఎక్కడా కుమ్మరి సారె వాడలేదు. మట్టిని తాడులా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోయి, వేళ్లతో అతికి గోడ లేపేవారు. మట్టి పగలకుండా పాత కుండ పెంకులను, కాల్చిన ఎముకలను దంచి పొడి చేసి కలిపేవారు. కుండ సగం ఆరాక నున్నని గులకరాయితో గంటల తరబడి రుద్దేవారు. ఆ మెరుపు పూత వల్ల వచ్చినది కాదు, రాయి రుద్దుడు వల్ల వచ్చినదే. వాము కూడా ఉండేది కాదు. ఆరుబయట కట్టెల మంటలో కాల్చేవారు. వంట కుండల వెలుపల గడ్డి కుచ్చుతో గీసినట్టు గరుకు గీతలు ఉంటాయి, చేతికి పట్టు దొరకడానికి. పూజకు, పెద్దల ఖననానికి వాడే పొడుగు మెడ సీసాలు, అంచు మడత తిరిగిన గిన్నెల మీద మాత్రం మొనగల పనిముట్టుతో సుడులు తిరిగే గీతలు సన్నగా చెక్కి, ఆ గీతల్లోకి ఎర్రమట్టి పొడినో తెల్లసుద్దనో రుద్దేవారు. నల్లని మెరిసే కుండ మీద ఎర్రటి సుడి గీత నిలుస్తుంది. ఎక్కువగా ఈ పని స్త్రీలదే.

వలసల కాలంలో ఈ విద్య పూర్తిగా ఆగిపోయింది. ఇనుప పాత్రలు వచ్చాయి. మట్టి దొరికే వాగులు పరాయివాళ్ల పాలయ్యాయి. 1991లో జెరెల్డీన్ రెడ్‌కార్న్ అనే క్యాడో స్త్రీ ఒక మ్యూజియంలో తమ పూర్వీకుల కుండలను చూసింది. అవి తమవని అప్పటిదాకా తనకు తెలియదు. నేర్పేవారు ఒక్కరూ మిగలలేదు కనుక, పాత పెంకులను చూసి, పుస్తకాలు చదివి, చాలా కుండలు పగిలిపోగా, తానే ఆ పద్ధతిని తిరిగి కనిపెట్టింది. ఆమె చేసిన కుండ ఒకటి ఒబామా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్ హౌస్‌లో ఆయన కార్యాలయ గదిలో ఉంచారు. ఇప్పుడు ఆమె వెనుక మరో తరం వచ్చింది. మీ ఇంట్లో ఈ పని ఇంకా చేతులు మారుతూ వస్తోందంటే, ఆమెకు దొరకని గురువు మీకు ఇంట్లోనే ఉన్నారన్నమాట.

ప్రశ్న: నేను గోండు, కొలాం పిల్లలకు పాఠాలు చెబుతాను. పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చుకుంటూ ఇంటి భాషకు దూరమవుతున్నారు. క్యాడో భాష పరిస్థితి ఏమిటి? పాటలు, కథలు మిగిలాయా?
– ఒక ఉపాధ్యాయురాలు, ఉట్నూరు

జవాబు: భాష పరిస్థితి బాధాకరంగా ఉంది. అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి వేరుచేసి ఉంచిన బడుల్లో సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. అలా పెరిగినవారు తమ పిల్లలకు ఆ దెబ్బలు తగలకూడదని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. చిన్ననాటి నుంచి క్యాడో మాట్లాడుతూ పెరిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పానీ, అరికరా, విచిటా భాషలు దానికి చుట్టాలు. వాటి పరిస్థితి కూడా ఇలాగే ఉంది. వాలస్ షేఫ్ అనే భాషావేత్త 1960ల నుంచి క్యాడో పెద్దల దగ్గర కూర్చుని చేసిన రికార్డులు, వ్యాకరణ పరిశీలనలు ఇప్పుడు నేర్చుకునేవారికి ముఖ్య ఆధారం. జాతి వారే తరగతులు నడుపుతున్నారు. మీ పిల్లల భాషలు ఇంకా ఇళ్లలో, అంగళ్లలో, జాతరల్లో వినిపిస్తున్నాయి కనుక, మీరు చేయగలిగింది క్యాడో ఉపాధ్యాయులు చేయగలిగిన దానికంటే చాలా ఎక్కువ. ముందుగా ముసలివారి మాటను ఫోన్‌లోనైనా రికార్డు చేయించండి.

పాటలు మాత్రం నిలిచాయి. టర్కీ కోడి నృత్యం అని స్త్రీలు ఆడే ఒక నృత్యం ఉంది. మధ్యాహ్నం మొదలై, టర్కీ కోళ్లు చెట్టెక్కే పొద్దుగూకే వేళకు ముగియాలి. పురుషులు డోలు చుట్టూ కూర్చుని పాడుతుంటే, స్త్రీలు మునివేళ్ల మీద వలయంగా కదులుతారు. జుట్టు వెనుక 'దుష్‌తో' అనే నగ పెట్టుకుంటారు. దాని నుంచి రంగురంగుల రిబ్బన్లు మడమల దాకా వేలాడతాయి. ఆ పాటలు పూర్వపు యుద్ధాలను, విజయాలను చెప్పేవి. వాటిలో కొన్ని ఇప్పుడు ఎవరూ మాట్లాడని పాత మాండలికాల్లో ఉన్నాయి. అంటే వారి చరిత్ర కొంత ఈ నృత్యంలోనే భద్రమై ఉంది.

రాత్రి ఆడే డోలు నృత్యం వారి పుట్టుక కథను చెబుతుంది. పూర్వం జనమంతా భూమి లోపల చీకటిలో ఉండేవారు. ఒక గుహ ద్వారం నుంచి పైకి రావడం మొదలుపెట్టారు. మొదట ఒక ముసలాయన ఒక చేతిలో నిప్పు, పొగ గొట్టం, మరో చేతిలో డోలు పట్టుకుని వచ్చాడు. వెనుక ఆయన భార్య మక్క గింజలు, గుమ్మడి గింజలు తీసుకుని వచ్చింది. మనుషులు, జంతువులు వస్తుండగా తోడేలు బయటికి రాగానే ద్వారం మూసుకుపోయింది. లోపల మిగిలిపోయిన తమవారి కోసం పైకి వచ్చినవారు చాలాకాలం అక్కడే కూర్చుని ఏడ్చారు. ఆ చోటికి ఏడ్చిన చోటనే పేరు నిలిచింది. తరువాత పడమరకు నడిచారు. ఒక జాతి తన పుట్టుక కథలోనే నిప్పును, డోలును, విత్తనాన్ని, ఎడబాటును చేర్చుకున్న తీరు నన్ను ఎంతగానో కదిలించింది. ఈ కథను మీ తరగతిలో చెప్పి, పిల్లలను తమ పెద్దలు చెప్పే పుట్టుక కథలు చెప్పమని అడగండి.

ప్రశ్న: వచ్చే నెల మా కూతురి దగ్గరికి డల్లాస్ వెళ్తున్నాము. ఒక్క రోజులో వెళ్లి చూసి రాగలిగిన చోటు చెప్పండి.
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఆల్టో దగ్గరి క్యాడో దిబ్బలకు వెళ్లండి. డల్లాస్ నుంచి కారులో సుమారు రెండున్నర, మూడు గంటల ప్రయాణం. 2019 ఏప్రిల్ 13న క్యాడోలు తమ సంస్కృతి దినం జరుపుకుంటుండగానే అక్కడ సుడిగాలి విరుచుకుపడి మ్యూజియాన్ని, పాత పద్ధతిలో కట్టిన గడ్డి ఇంటిని నేలమట్టం చేసింది. తరువాత గడ్డి ఇంటిని మళ్లీ కట్టారు. పైన జనగామ విద్యార్థికి చెప్పిన పద్ధతిని అక్కడ కళ్లారా చూడవచ్చు. సెలవు దినాలు, వేళలు ముందుగా అమ్మాయి చేత విచారింపజేయండి. ఇంకో రోజు వీలైతే డల్లాస్‌కు ఈశాన్యాన ఒక్లహోమాలోని ఐడబెల్‌లో ఉన్న మ్యూజియానికి వెళ్లండి. క్యాడో కుండలు అక్కడ చాలా ఉన్నాయి. బింగర్ అంతకంటే దూరం; అక్కడ నృత్యాలు జరిగే రోజు చూసుకుని, ఒక రాత్రి ఉండేలా వెళ్లడం మంచిది. నృత్యాన్ని ఫోటో తీసే ముందు నిర్వాహకులను అడగాలి. దిబ్బల మీదికి మాత్రం ఎక్కకండి, పిల్లలను ఎక్కనివ్వకండి. వాటిలో ఒకటి సమాధి, ఆ కుటుంబాల వారసులు ఈనాటికీ అక్కడికి వచ్చి తమ పెద్దలకు నమస్కరించుకుంటారు.